భారతి వానకు తలుపేసిన దినం

పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే దోవలో బస్సు దిగి, అర మైలు లోపలికి నడిస్తే ఒక ఊరు వస్తాది. ఆ ఊర్లో శనక్కాయలు ఒలిచేదాంట్లో భారతిని మించిన మనిషి లేదు. ఇది ఊరికే పొగిడే మాట కాదు. ఇంకొకరు శేరు పప్పు తీసేలోపల ఆయమ్మ శేరున్నర తీసి, కొంగుతో మొగం తుడుచుకొని, పక్కదాని కుప్పలో పుచ్చు గింజలు కూడా ఏరిపెడ్తాది. అయితే ఏం లాభం? ఊర్లో ఎవరి నోట విన్నా ఆయమ్మ పేరు రాదు. ఆయమ్మ తోడికోడలు చిన్నసుబ్బమ్మ పేరే వస్తాది. పేరుకే చిన్న, మాటకు ఊరంతట్లో పెద్ద. ఆ పేరు చెవిన పడితే చాలు, భారతి కడుపులో మిరప్పొడి చల్లినట్టయితాది. ఇరవై రెండేండ్లుగా ఇదే మంట.

మొదట్నుంచి చెప్తా. భారతి పుట్టింది పెండ్లిమర్రి పక్కన. నాయన గొర్లు మేపేటోడు. ఏడో తరగతి దాకా బడికి పంపించి, ఆ మీదట గొర్ల వెనక పంపించినాడు. ఇరవై ఏండ్లకు కుళ్లాయప్పకిచ్చి చేసినారు. ఈ ఇంట్లోనూ గొర్లే. అప్పుడప్పుడే బోరు వేయించుకొని శనక్కాయ పంట పెడ్తాండారు. కాపురానికొచ్చిన మొదటి ఎండాకాలమే అత్త ఆమెను లాల్ బాషా షెడ్డుకు తోడుకపోయింది.

ఆ షెడ్డు సంగతి తెలియకుంటే ఈ కథ మీకు ఎక్కదు. లాల్ బాషా ఇత్తనాల రైతు. ముంగారు వానలకు ముందర ఆయన రేకుల షెడ్డులో పదకొండు దినాలు ఆడోళ్లు కూర్చోని ఇత్తనానికి కాయలు ఒలుస్తారు. మిషన్లు లేవా అంటే ఉండాయి. మిషన్లో వేస్తే పప్పు మీద పొర లేస్తాది, బద్ద చీల్తాది, అట్లాంటిది భూమిలో వేస్తే మొలక రాదు. ఇత్తనానికి చేతులే గతి. పదకొండు దినాలు వేలి నొప్పి మరిచిపోవాలంటే కథ కావాల. కథ చెప్పే మనిషి కాయ ముట్టదు. ఎత్తుగా మడిచి వేసిన గోనెపట్ట మీద కూర్చోని చెప్తానే ఉంటాది. సాయంత్రం అందరూ తలా ఒక దోసెడు పప్పు ఆమె చాటలో పోసి ఆమె వంతు నింపుతారు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండాది. పదకొండో దినం కథ ముగియాల, ముగిసేటప్పుడు కథలో వాన పడాల. కథలో పడని వాన చేన్లో పడదని మా దిక్కు నమ్మకం. నవ్వేటోళ్లు నవ్వుకోండి. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచి బోరుకు నీళ్లు చూసే దేశం మాది.

గోనెపట్ట మీద కూర్చునేది చిన్నసుబ్బమ్మ. ఆమె చెప్పేది కంబళి సిద్ధయ్య కథ. రాతిరాకాసి ఒకడు లోకంలో ఉండే వాననంతా పట్టుకపోయి ఏడు వాకిండ్ల కోటలో పెట్టి మూసేస్తాడు. దాన్ని విడిపించేదానికి గొర్లు కాసే మల్లి అనే పిల్ల బయలుదేరతాది. ఆ పిల్లకు దోవ చూపేటోడు సిద్ధయ్య. మంత్రాలు తెలిసిన ముసలోడు, భుజాన నల్ల కంబళి, చేతిలో వేపకర్ర. కత్తి పట్టడు, గుర్రమెక్కడు. వాకిలి వాకిలికీ ఒక మాట చెప్తాడు, అంతే. ఆ మాటలే ఊరిని పట్టుకున్యాయి.

"భయం లేనోడు ముందు పోగూడదు. భయమున్నోడే గుంత చూసి నడుస్తాడు." ఇది మొదటి వాకిలి దగ్గర చెప్పేది. "నాకు తెలీదు అనేదానికి నాకు నూరేండ్లు పట్టింది." ఇది మూడోది. "ఎండినదంతా చచ్చినట్టు కాదు." ఇది ఐదోది. ఇవి షెడ్డులో పుట్టి షెడ్డులోనే ఉంటే భారతి ఓర్చుకునేదేమో! ఉండలేదు. బోరులో నీళ్లు అడుగంటితే కుళ్లాయప్ప గట్టు మీద కూర్చోని, "ఎండినదంతా చచ్చినట్టు కాదులే మే, సిద్ధయ్య చెప్పలేదా" అనేటోడు. షెడ్డులో పక్కన కూర్చోని ఒలిచే షాహిస్తా, కొడుకు పరీక్ష తప్పితే వానికి సిద్ధయ్య మాటే చెప్పింది. సొంత ఇంట్లో, సొంత మొగుని నోట్లో, తోడికోడలి మాట! ఏ ఆడదానికైనా మండదా? భారతికి మండింది. పొయ్యి మీద చట్టి దించేటప్పుడు రెండు చప్పుళ్లు ఎక్కువ చేసేది, అంతే. నోరు విప్పి ఏమీ అనలేదు. అనేదానికి చిన్నసుబ్బమ్మ ఏం తప్పు చేసిందని అంటాది? ఆయమ్మ మంచిది. అదే పెద్ద బాధ. చెడ్డదాని మీద ఏడిస్తే మనకు నలుగురు తోడొస్తారు, మంచిదాని మీద ఒంటిగానే ఏడ్వాల.

పైగా దోసెడు ఒకటి. శేరు శేరుకూ గోర్లు అరగదీసుకొని ఒలిచిన పప్పులో నుంచి, దినామూ సాయంత్రం, రెండు చేతులా నిండుగా తీసి అక్క చాటలో పొయ్యాల. పోసి నవ్వాల. ఇరవై రెండు ఎండాకాలాలు పోసింది, నవ్వింది.

ఈ ఏడు ఆ మంటకు ఇంకా ఎండుపుల్ల పడింది. భారతి బిడ్డ ప్రత్యూష ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతాంది. సెలవులకొచ్చి షెడ్డులో కూర్చోని, పెద్దమ్మ చెప్పే కథను ఫోన్లో ఎక్కిస్తాంది. దినామూ ఇంటికొచ్చి చెవిలో తీగలు పెట్టుకొని మళ్లా వింటాది, తనలో తనే నవ్వుకుంటాది.

"ఏం చేసుకుంటావే దాన్ని?" అని భారతి అడిగింది.

"దాచిపెట్టుకుంటా మా. నాకు పిల్లోల్లు పుడితే పెద్దమ్మ గొంతు వినిపిస్తా."

"నా గొంతు అవసరం లేదా?"

ఆ పిల్ల తలెత్తి, వేళాకోళానికి కాదు, నిజంగానే ఆశ్చర్యపడి అడిగింది. "నీకు కథలొస్తాయా మా?"

అంతే. ఆ మాట భారతికి యాడ తగలాల్నో ఆడ తగిలింది. రేపు తన మనవలు వినేది కూడా చిన్నసుబ్బమ్మనే అన్నమాట! తాను శనక్కాయ ఒలిచిన చప్పుడు వెనకాల కటకటమని వినపడ్తాదేమో, అదే తన గుర్తు. ఆ పూట భారతికి ఒకటే కోరిక పుట్టింది. ఒక్క దినం, ఒక్క పూట, ఆ గోనెపట్ట మీద తాను కూర్చోవాల. తన బిడ్డ తన కల్లా చూస్తా వినాల.

దేవుడు కొన్ని కోరికలు మనల్ని ఏడిపించేదానికే తీరుస్తాడు. పదో దినం పొద్దున్నే జమ్మలమడుగు నుంచి ఫోనొచ్చింది, చిన్నసుబ్బమ్మ కూతురికి నొప్పులొస్తాండాయని. ఆయమ్మ సంచిలో నాలుగు పాతగుడ్డలు కుక్కుకొని బస్సుకు పరిగెత్తుతా, భారతి ఇంటి వాకిట్లో ఆగింది.

"భారతీ, ఈ పొద్దు నువ్వు చెప్పు. ఏడో వాకిలి దగ్గరుండాది కథ. నాకంటే నీకే బాగా తెలుసు."

"కథ నడుమ చెప్పే నోరు మారొచ్చునా అక్కా?"

"మారితే ఏమయితాది? వాన పడితే చాల్లే" అని ఆయమ్మ వెళ్లిపోయింది.

చూడండి ఆ ఇచ్చే తీరు! ఇరవై రెండేండ్లుగా దేనికోసం ఒకతి కుళ్లి కుళ్లి చస్తాందో దాన్ని, చేతిలో ఉండే చెంబు పక్కింటోల్లకిచ్చినట్టు ఇచ్చేసి పోయింది. భారతికి సంతోషం రావాల. రాలేదు. దానం పట్టినట్టయింది.

అయినా పోయి కూర్చునింది. పట్ట మీద నుంచి చూస్తే షెడ్డు వేరేగా ఉండాది. ముప్పై తలకాయలు తన కల్లా తిరిగినాయి. ముందర షాహిస్తా, షాహిస్తా పక్కన ఫోను పట్టుకొని ప్రత్యూష. భారతి గొంతు సవరించుకొని మొదలుపెట్టింది, బాగానే చెప్పింది. మల్లి ఆరు వాకిండ్లు తోసిన చేతులతో ఏడో వాకిలి ముందర నిలబడింది. చిన్నసుబ్బమ్మ చెప్పేదాంట్లో ఆ తలుపు తెరుచుకోవాలంటే సిద్ధయ్య తన కర్ర విరగ్గొట్టుకోవాల, విరిగితే మంత్రాలన్నీ మరిచిపోతాడు. ఆయన ఒక గడియ కూడా ఆలోచించడు. "నేను మరిచిపోతే పోనీలే, వానకు దోవ గుర్తుంటే చాలు" అని మోకాలికేసి విరుస్తాడు. ఆడ ఏటా అందరూ కొంగులు కండ్లకద్దుకుంటారు. ఈ సారి కూడా కొంగులు సిద్ధం చేసుకొని కూర్చున్యారు.

ఆ కొంగులు చూసింది భారతి. తాను చెప్పినా ఏడుస్తారు, నిజమే. అయితే ఏడ్చేది అక్క మాటకు. ఆ మాట ఆమె నోట్లోకొచ్చి, పండ్ల కాడ ఆగిపోయింది. ఇంకొక మాట బయటికొచ్చింది.

"సిద్ధయ్య కర్ర కల్లా చూసుకున్యాడు. ఇది విరిగితే నా మాట ఎవరు వింటారు అనుకున్యాడు. అనుకొని, ఆ పిల్లను రెండు చేతులా పట్టుకొని వాకిలి సందులో నుంచి లోపలికి తోసినాడు. తలుపు మూసుకునింది. కర్ర చేతిలోనే ఉండాది."

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయినాయి. ముప్పై మంది ఒక్క కాయ కూడా కొట్టకుండా ఉంటే ఆ రేకుల కింద ఎంత నిశ్శబ్దమో మీరు వినాల.

"ఏందమ్మే ఇది?" అనింది షాహిస్తా. "సిద్ధయ్య అట్ల చేస్తాడా?"

"ఎందుకు చెయ్యడు?" భారతి గొంతు లేచింది. "ముసలోడు మొదట్నుంచి మాటలే గదా చెప్పె! ఒక్క వాకిలన్నా చేత్తో తోసినాడా? అరచేతులు పగలగొట్టుకున్యది ఎవరు? ఆ పిల్ల. పేరెవరికొచ్చె? ముసలోనికి. మిగతాది రేపు."

ఎవరిని అంటాందో తెలియనోళ్లు ఆ షెడ్డులో లేరు. సాయంత్రం తలా ఒక దోసెడు పోసినారు, కట్టుబాటు గదా, పోసినారు. ఒక్కరూ నవ్వలేదు. ప్రత్యూష ఫోను ఎప్పుడో జేబులో పెట్టుకునింది.

ఇంటికి పోతే కుళ్లాయప్ప గడపలోనే కాచుకోని ఉండాడు. "వానను లోపల పెట్టి తలుపేసి వచ్చినావంటనే! లాల్ బాషా ఫోన్ చేసినాడు. ఆ ఇత్తనం కొనేటోల్లకు తెలిస్తే ఏం చెప్పాల అంటాండాడు."

"కథే గదప్పా."

"కథేనా? ఏటా కథేనా?" అని ఆయన తుండుగుడ్డ దులుపుకొని గొర్ల కాడికి పోయినాడు.

ప్రత్యూష అంతకంటే ఘోరం. అరవలేదు, తిట్టలేదు. అన్నం పెట్టుకుంటా, "పెద్దమ్మను అనాలనే గదా మా, అట్ల మార్చింది?" అనింది. భారతి కంచం పక్కకు జరిపింది. కూడు సయించలేదు. గోనెపట్ట ఎక్కాలనుకున్యది బిడ్డ తన కల్లా చూడాలని. చూసింది, చూడరాని చూపు చూసింది. సిగ్గుతో చచ్చిపోతాంది లోపల్లోపల, అయినా చూడండి మనిషి బుద్ధి, ఆ సిగ్గులో కూడా ఒక మూల, "తోసినాడు" అని తాను అన్నప్పుడు షెడ్డంతా ఊపిరి బిగబట్టింది గదా అని ఇంత సంబరం ఉండాది. అక్క చెప్పినప్పుడు ఏడుస్తారు గాని, చేతులు ఆపి ఎప్పుడూ వినలేదు.

పదకొండో దినం పది గంటల బస్సు దిగి చిన్నసుబ్బమ్మ నేరుగా షెడ్డుకే వచ్చింది. మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా బాగుండారు, మిషనరీ ఆసుపత్రిలో రెండు దినాలు ఉండమన్యారు అని చెప్పింది. చెప్తాంటేనే షాహిస్తా లేచింది.

"యక్కా, నీ మనవరాలు చల్లగుండాల గాని, ముందు ఆ పిల్లను బయటికి తియ్యి. నీ చెల్లెలు మల్లిని లోపలికి తోసి వానకు తలుపేసింది. నిన్నటిది తప్పని చెప్పి, ఏడో వాకిలి మళ్లా చెప్పు."

చిన్నసుబ్బమ్మ నిలబడే మొత్తం వినింది. ఎవరు తోసినారు, ఏమనుకొని తోసినాడు, ముసలోని గురించి భారతి ఏమనింది, అన్నీ. భారతి తల దించుకోలేదు. దించితే ఓడిపోయినట్టని బిగబట్టుకోని కూర్చునింది. తిట్టు, తిడితే నాకూ నోరుండాది అన్నట్టు చూస్తాంది.

"చెప్పిన కథ వెనక్కి నడవదు షాహిస్తా" అనింది చిన్నసుబ్బమ్మ. "ఎవరు మూసినారో వాళ్లే తియ్యాల. భారతీ, చెప్పు." అని చెప్పి, భారతి కూర్చునే చోట, కింద, చాట ముందర పెట్టుకొని కూర్చునింది. కాయ తీసుకొని కొట్టింది. పప్పు బద్దలయింది. ఇంకోటి తీసుకునింది.

ఇంక భారతి పట్టెక్కక తప్పలేదు. ఎక్కింది గాని, ముందర ఏముండాది? రాత్రంతా ఆలోచించింది, ఏమీ దొరకలేదు. అక్క కథలో దీని తర్వాత మాట లేదు. దోవ లేదు. ముసలోడు వాకిలి ముందర ఒంటిగా కర్ర పట్టుకోని నిలబడుండాడు, లోపల పిల్ల ఉండాది. పైన రేకులు కాగుతాండాయి. ప్రత్యూష మళ్లా ఫోను తీసి పట్టుకునింది.

"సిద్ధయ్య మంత్రాలు చదివినాడు" అని మొదలుపెట్టింది భారతి. "తలుపు కదల్లేదు. మంచి మంచి మాటలు చెప్పినాడు. వినేదానికి ఎవరూ లేరు. ఒక దినం, రెండు దినాలు, మూడు దినాలు చెప్పినాడు." ఆడ ఆగింది. కొంగుతో మొగం తుడుచుకునింది. "నాలుగో దినం మాటలైపోయినాయి. అప్పుడు తలుపుకు నోరు పెట్టి అన్యాడు. మల్లీ, కర్ర కోసం కాదు నేను తోసింది. నువ్వు తోస్తే తలుపులు తెరుచుకుంటాండాయి, నేను చెప్తే తెరుచుకోల్యా. అది చూసి ఓర్వలేకపోతి. నీ మీద కుళ్లు పుట్టింది తల్లీ. నూరేండ్లు తపస్సు చేసినా ఇంత కుళ్లు నాలో ఉండాదని నాకే తెలీదు."

చేతులు ఆగినాయి మళ్లా.

"లోపల్నుంచి ఆ పిల్ల, అదంతా సరేలే తాతా, తలుపు తొయ్యి అనింది. ముసలోడు ఎప్పుడూ తోసినోడు కాదు. భుజం పెట్టినాడు, జారింది. చేతులు పెట్టినాడు, తోలు లేచింది. కడాకు వేపకర్ర తలుపు సందులో దూర్చి, గడ్డపార మాదిరి పెకలించినాడు. కర్ర ఫెళ్లున విరిగింది. లోపల్నుంచి పిల్ల లాగుతాంది, బయట్నుంచి ఈయప్ప తోస్తాండాడు. మంత్రం లేదు, మాట లేదు, మూలుగులే. తలుపు ఇంత సందు తెరుచుకునింది. ఆ సందులో నుంచి వచ్చింది వాన. మొదట ఆ పిల్ల కొంగు తడిసింది, ఆనక ముసలోని కంబళి తడిసింది, ఆనక మన పులివెందుల తడిసింది, ప్రొద్దుటూరు తడిసింది, పెన్నలో ఇసుక తడిసింది."

షాహిస్తా రెండు చేతులూ ఎత్తి కండ్లకద్దుకునింది. వెనకాల ఎవరో ముక్కు చీదినారు. లాల్ బాషా షెడ్డు గడపలో నిలబడి, "అల్లా, పడింది" అని పోయి మూటలు కట్టించినాడు. ప్రత్యూష లేచింది. తల్లి పక్కకొచ్చి, ఫోను ఆపి, చెంబుతో నీళ్లిచ్చింది. భారతి తాగింది.

అందరూ పోయినాక తోడికోడండ్లు ఇద్దరే మిగిలినారు, పొట్టు ఊడ్చేదానికి. చిన్నసుబ్బమ్మ చీపురు సరిగా పట్టుకోలేకపోతాంది. భారతి ఆమె చెయ్యి లాక్కొని చూసింది. బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కి, ఒకటి పగిలి రక్తం కారతాంది. ఒక్క దినం, అదీ సగం పూట ఒలిచినందుకు! ఇరవై రెండేండ్లు పట్ట మీద కూర్చున్న చేతులు మరి.

భారతికి ఏడుపు తన్నుకొచ్చింది. "అక్కా, నిన్ననాలనే అట్ల చెప్పినా. నువ్వంటే నాకు కుళ్లు. నేను కాపురానికొచ్చిన కాడ్నుంచి కుళ్లే. ఒక్క దినం తప్పల్యా."

"తెలుసు" అనింది చిన్నసుబ్బమ్మ, వేలు కొంగుతో చుట్టుకుంటా. "నువ్వు రాకముందు నేనూ ఒలిచేదాన్నే. ఇదో, ఇట్లనే బద్దలయ్యేటివి. నువ్వొచ్చిన మొదటి దినమే అత్త అందరి ముందర నీ చెయ్యెత్తి చూపించి, చెయ్యంటే ఇది, పెద్దదానివి చేతులా కాళ్లా అనింది. ఆ పొద్దే నేను కాయ పక్కన పెట్టి, వేలు నొప్పి మరిపిస్తా, ఈ ఏడు నుంచి కథ నేను చెప్తా అన్యా. నీ పక్కన కూర్చోని ఒలవలేక అన్యా భారతీ. నీ చేతులు చూస్తే ఇప్పటికీ నా కడుపు మండుతాది. పట్ట మీద కూర్చోని దినామూ అవే చూస్తా ఉంటి."

భారతి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. చీపురు కింద పారేసి, నడుము మీద చెయ్యి పెట్టుకోని, ఎర్రబడిన కండ్లతో తోడికోడలి మొగంలోకి చూసింది.

"ఇరవై రెండేండ్లు! ఇరవై రెండేండ్లు నువ్వు నా మీద కుళ్లుకుంటాంటే, ఒక్క మాట, ఒక్క మాట నాకు చెప్పకుండా దాచిపెట్టుకుంటివే! ఊరందరికీ అన్ని మాటలు చెప్తివి. ఆ ఒక్క మాట నాకు చెప్పుంటే నేను ఎంత సుఖంగా బతికేదాన్నక్కా!"